తాగని దొర

సోమవారం పొద్దున యోగేశ్వరికి అప్పగించిన తల నల్లటి తల. నల్ల తలలు ఆమెకు కొత్త కాదు. మలేసియాలోని క్లాంగ్‌లో చీరల దుకాణం పైన, మేడమీద, ఇరవై రెండేళ్లుగా సెలూను నడుపుతోంది. పెళ్లికూతుళ్ల జడలు, ఆంటీల కనుబొమ్మలు, నెరిసిన అంకుళ్లు గుట్టుగా వేయించుకునే రంగులు, అన్నీ ఆ చేతుల మీదుగా వెళ్లినవే. ఈసారి కొత్తేమిటంటే, ఆ తల ఒక తెల్లవాడిది, దాన్ని ఎర్రగా మార్చమని ఆర్డరు.

లండన్ నుంచి వచ్చిన సినిమా కంపెనీ ఒకటి కువాలా సెలంగోర్ దారిలో ఇంకా నరకకుండా మిగిలిన రబ్బరు తోట ముక్కను అద్దెకు తీసుకుంది. చుట్టూ పామాయిల్ చెట్లు, మధ్యలో ఇది. కథ తొంభై ఏళ్ల నాటిది. ఐర్లండ్ నుంచి వచ్చిన చిన్న దొర ఒకడు తోటను చూసుకుంటాడు. తాగుతాడు, పాడతాడు, తన్నుకుంటాడు, మనసు మాత్రం వెన్న. చివర్లో అందర్నీ ఏడిపించి చచ్చిపోతాడు. ఆ వేషం కార్మాక్‌ది. నలభై అయిదేళ్లుంటాయి, నిజంగానే ఐర్లండ్ మనిషి, గట్టిగా మాట్లాడితే ఎవరైనా నిద్ర లేస్తారేమో అన్నట్టు మాట్లాడతాడు.

యోగేశ్వరి అతని చెవుల చుట్టూ, నుదుటి అంచున వాసెలిన్ రాసింది. మొదట నలుపు వదలాలి, తర్వాత ఎరుపు ఎక్కాలి. గిన్నెలో మందు కలిపి, దువ్వెన తోకతో పాయలు తీస్తూ, బ్రష్షుతో కుదుళ్ల దాకా పట్టించి, ఒక్కో పాయా రేకులో మడిచింది. గంటకు తల పసుపుగా తేలింది. ఇంకో గంటకు నారింజ రంగుకొచ్చింది. కనుబొమ్మలు కూడా మార్చాలన్నారు. కళ్లలో పడకుండా ఊపిరి బిగబట్టి ఆ పనీ చేసింది.

"మీ దేశంలో అందరికీ ఎర్రజుట్టే కదా లా?" అంది ఇంగ్లీషులో, ఇక్కడివాళ్ల అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి, చేతులు ఆపకుండా.

"మా ఊళ్లో ఒక్కడికే ఉండేది. పశువుల డాక్టరు. వాడు స్కాట్లండ్ నుంచి వచ్చాడు."

"మరి నీకెందుకు?"

"నల్లజుట్టుతో వస్తే నేను ఐరిష్ అని జనానికి తెలీదట. పాస్‌పోర్టు చూపిస్తానన్నాను. సినిమాలో పాస్‌పోర్టు చూపించే సీను లేదన్నారు."

యోగేశ్వరి నవ్వింది. అద్దంలో అతనూ నవ్వాడు. కాసేపాగి, "మీరు తమిళులా?" అని అడిగాడు.

"తెలుగు."

"ఇక్కడ ఎవర్నడిగినా తమిళులనే చెప్పారే."

"అందరూ అట్లాగే అంటారు. మేమూ కాదనం. చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు."

"మమ్మల్ని ఇంగ్లీషువాళ్లంటారు," అన్నాడు కార్మాక్. "మాకూ పొద్దు చాలదు."

పని పూర్తయ్యేసరికి మూడున్నర గంటలు పట్టింది. జుట్టు విభాగానికి పెద్ద హెలెన్ వచ్చి, వెలుతురులో తల అటూ ఇటూ తిప్పి చూసి, "అద్భుతం" అంది. హెలెన్ లండన్ మనిషి. ఆమె కింద ఇక్కడివాళ్లు ఇద్దరు: ఒకరు యోగేశ్వరి, రెండోది కోగిలవాణి అనే తమిళ అమ్మాయి. ఇది అయ్యాక లంకావి దీవిలో ఇదే కంపెనీ తీసే ఇంకో సినిమా ఉంది, మూడు నెలల పని, మీ ఇద్దరిలో ఒకర్ని తీసుకెళ్తాను అని హెలెన్ మొదటిరోజే చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి యోగేశ్వరికి కాలు నిలవడం లేదు. ఇరవై రెండేళ్లలో ఆమెను 'ఆర్టిస్ట్' అని పిలిచిన మొదటి మనిషి హెలెన్. రోజూ షూటింగుకు ముందు పంచే కాగితంలో తన పేరు అచ్చయి వస్తే, ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుంది. ఇంకా ఖాయం కాకముందే ఆదివారం వెళ్లి పెట్టె కూడా కొనేసింది. మొగుడు రాజన్ ఆ పెట్టె తీసుకుని చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూశాడు.

మంగళవారం తాగిన సీను తీశారు. దొర క్లబ్బులోంచి తూలుతూ వచ్చి, ఇంగ్లీషు దొరతో కలబడి, కాలువలో పడి, పడినవాడు పాటెత్తుకోవాలి. కార్మాక్ ముక్కు మీద స్పాంజితో ఎర్రరంగు అద్దడం యోగేశ్వరి పని. బుగ్గల మీద కొద్దిగా, ముక్కు కొసన ఎక్కువగా. కళ్ల కింద మెంథాల్ పుల్ల రాస్తే ఆ ఘాటుకు కళ్లు ఎర్రబడి నీళ్లు కారతాయి. అదీ రాసింది.

మొదటి టేకులో కార్మాక్ కొంచెమే తూలాడు. మాట మెత్తగా, కాస్త ముద్దగా వచ్చింది. డైరెక్టరు దగ్గరికొచ్చాడు. లండన్ వాడే, మర్యాదస్తుడు, కసురుకోడు. "ఇంకొంచెం ఐరిష్‌గా" అన్నాడు.

"నేను ఐరిషే కదా. ఎలా అన్నా ఐరిష్‌గానే ఉంటుంది."

"నాకు తెలుసు. థియేటర్లో ఉన్నవాళ్లకు తెలియాలి."

రెండో టేకులో కార్మాక్ వాళ్లకు తెలిసేలా చేశాడు. మాటలు సాగదీశాడు, ఒక్కో అక్షరాన్ని నాలుక మీద దొర్లించాడు, కాలువలో మోకాళ్ల మీద లేచి, టోపీలో నీళ్లు పట్టి నెత్తిన పోసుకుని పాడాడు. చూస్తున్నవాళ్లు పొట్టలు పట్టుకున్నారు. యోగేశ్వరి అయితే కోగిలవాణి భుజం మీద వాలిపోయి, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వుతూనే తలెత్తితే, కాలువలోంచి కార్మాక్ ఆమెనే చూస్తున్నాడు. కోపంగా కాదు. బస్సు తప్పిపోయినవాడు వెళ్లిపోతున్న బస్సును చూసినట్టు చూస్తున్నాడు. నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

బుధవారం అతని జుట్టు కుదుళ్ల దగ్గర నలుపు ఇంకా కనిపిస్తోందని మళ్లీ కూర్చోబెట్టారు. యోగేశ్వరి కాసేపు మాట్లాడకుండా రంగు పట్టించింది. ఆమెకు మాట్లాడకుండా పని చేయడం చేతకాదు.

"నిన్న నవ్వినందుకు కోపమా?"

"నవ్వాలనే కదా చేసింది."

"మరి అట్లా ఎందుకు చూసినావు?"

కార్మాక్ తే తారీక్, నురగ తేలే పాల టీ, గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఈ దేశానికొచ్చాక అతనికి పట్టుకున్న వ్యసనం అదొక్కటే. "పద్నాలుగు సినిమాల్లో చేశాను," అన్నాడు. "పదకొండింట్లో తాగుబోతుని. రెండింట్లో ఫాదరీని. ఒకదాన్లో తాగిన ఫాదరీని."

"బయట తాగుతావా?"

"ఎప్పుడూ లేదు. మా నాన్న పాలలారీ తోలేవాడు. జన్మలో చుక్క ముట్టలేదు. తాగబోమని ఒట్టు పెట్టుకున్నవాళ్లు కోటుకు చిన్న బిళ్ల పెట్టుకుంటారు మావైపు. ఆ బిళ్లతోనే పాతిపెట్టాం, మొన్న చలికాలంలో."

యోగేశ్వరి బ్రష్షు గిన్నెలో ఉంచి నిలబడింది.

"అమ్మ ఉంది. నా సినిమా వస్తే ఇరుగూ పొరుగూ ఆమెను కారెక్కించుకుని పట్నం తీసుకెళ్తారు. పక్కనే కూర్చుని, నేను పడ్డప్పుడల్లా నవ్వుతారు. ఇంటికొచ్చి నాకు ఫోన్ చేస్తుంది. కోటు బాగుంది అంటుంది, జుట్టు బాగుంది అంటుంది. పోయినసారి మాత్రం, 'మీ నాన్న చూడలేదు, అదే నయం' అంది."

"అయ్యో."

"ఈసారి అమ్మ ఒకటే అడిగింది. ఒక్క సీనులోనైనా తాగకుండా ఉంటావా అని. ఉంటానని చెప్పాను. ఎల్లుండి తీసే సీను. తోటలో రబ్బరు పాలు గీసే మనిషి ఆసుపత్రిలో చనిపోతాడు. తెల్లారేసరికి దొర ఒక్కడే నడుచుకుంటూ చెట్ల మధ్యకు వెళ్లి, పనిలో ఉన్న ఆ మనిషి పెళ్లానికి సంగతి చెప్పాలి. తాగలేదు అని కాగితం మీద రాసుంది. ఆ ఒక్క పేజీ చూసే ఈ సినిమా ఒప్పుకున్నాను."

యోగేశ్వరి మిగిలిన పాయ రేకులో మడిచింది. ఇన్నేళ్లలో తను చూసిన ఇంగ్లీషు సినిమాలు గుర్తుచేసుకుంది. ఐర్లండ్ మనుషులెవరైనా తాగకుండా, కొట్టుకోకుండా, ఊరికే ఒక కుర్చీలో కూర్చుని ఉన్నారా అని వెతికింది. ఒక్కరూ దొరకలేదు. ఇంతకాలం అది తనకు తోచనందుకు సిగ్గేసింది.

గురువారం ఎర్రమ్మ వచ్చింది. పాలు గీసే మనిషి పెళ్లాం వేషానికి నిజంగా గీసినవాళ్లు కావాలని బటాంగ్ బెర్జుంటై నుంచి వ్యానులో తీసుకొచ్చారు. డెబ్భై ఏడేళ్ల మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. చెట్టు దగ్గరికి వెళ్లగానే కత్తి అడిగి తీసుకుని, బొటనవేలితో పదును చూసి, బెరడు మీద ఏటవాలుగా ఒక్క గీత లాగింది. పల్చటి చెక్కు చుట్టుకుని రాలిపడింది. పాలు గీత వెంట నడిచి చిప్పలోకి దిగాయి. కెమెరావాళ్లు చప్పట్లు కొట్టారు. ఎర్రమ్మకు ఆ చప్పట్లు ఎందుకో అర్థం కాలేదు.

ఆమె మాటలో యాస వినగానే యోగేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. అచ్చం తన నాయనమ్మ మాటే.

"తెలుగోళ్లా పెద్దమ్మా?"

"మరేటి? నువ్వు ఎవులమ్మాయివి?"

"క్లాంగ్. మా నాయినమ్మ కూడా మీ కాడ ఎస్టేట్లోనే గీసినాది."

"అలగైతే మనోళ్లే," అంది ఎర్రమ్మ. అంతటితో పరిచయాలు అయిపోయాయి.

ఇంగ్లీషు రాని ఎర్రమ్మకూ డైరెక్టరుకూ మధ్య మాట అందించడం ఎవరూ చెప్పకుండానే యోగేశ్వరి పనైంది. డైరెక్టరు ఎర్రమ్మను దూరం నుంచీ దగ్గర నుంచీ చూసి, జుట్టు విప్పాలన్నాడు. ముడి తీసేసి, మొహం మీద పడేట్టు వదిలేస్తే దుఃఖం బాగా కనిపిస్తుందట.

యోగేశ్వరి ఆ మాట చెప్పింది. ఎర్రమ్మ చెయ్యి ముడి మీదికి వెళ్లింది.

"పాలు గీసేకాడ జుత్తు ఇరబోసుకుంటారేటి? పాలంటుకుంటే కత్తిరించాలి గానీ ఒదల్దు. అయినా ఇరబోసుకునేది మొగుడు పోయినాడని తెలిసినాక కదా. దొర సెప్పకముందే నాకెలగ తెలిసినాది? నాను ఇప్పను. సెప్పు ఆయనకి."

డైరెక్టరు కనుబొమ్మలెత్తి యోగేశ్వరి వైపు చూశాడు. పక్కనే హెలెన్ నిలబడి ఉంది, చేతిలో దువ్వెన. లంకావి ఆ దువ్వెన చివర వేలాడుతున్నట్టే ఉంది యోగేశ్వరికి. పెద్దవాళ్ల ముందు 'కుదరదు' అనే మాట ఇక్కడ ఎవరి నోటా రాదు. ఏదడిగినా మొదట 'కెన్', అవుతుంది, అనేయడం, తర్వాత తిప్పలు పడటం ఈ దేశంలో చిన్నప్పట్నుంచీ అబ్బే విద్య.

"కెన్, కెన్," అంది యోగేశ్వరి. "ఆమెకు ఓకే లా."

డైరెక్టరు బొటనవేలెత్తి చూపించి వెళ్లిపోయాడు. ఎర్రమ్మకు ఇంగ్లీషు రాదు కానీ, మలేసియాలో పుట్టినవాళ్లకు 'కెన్' తెలియకపోవడమంటూ ఉండదు.

"ఏటమ్మీ, కెన్ అన్నావు? నాను అలగన్నానా?"

"సినిమా కదా పెద్దమ్మా. ఉత్తిదే లా. కాసేపే."

ఎర్రమ్మ కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. యోగేశ్వరి ముడి విప్పి, కొబ్బరినూనె మెరుస్తున్న ఆ కాస్త తెల్లటి జుట్టును వేళ్లతో రేపి భుజాల మీద వేసింది. ఆ జుట్టు ఎంత తక్కువుందో విప్పాకే తెలిసింది. అద్దంలో చూడబుద్ధి కాలేదు.

రిహార్సల్ మొదలైంది. కార్మాక్ చెట్ల మధ్య నుంచి నడిచొచ్చి, టోపీ తీసి, మాట చెప్పాడు. డైరెక్టరు గడ్డం రుద్దుకున్నాడు. ఏదో తక్కువైందన్నాడు. గంటసేపు తాగుతూ కనిపించిన మనిషి ఉన్నట్టుండి శుభ్రంగా వస్తే జనం వేరే మనిషనుకుంటారు, చేతిలో సీసా ఉండాలి, కొంచెం తూలాలి, మాట తడబడాలి, అప్పుడు ఇంకా జాలేస్తుంది.

"తాగలేదని రాసుంది," అన్నాడు కార్మాక్.

"రాసినవాడితో నేను మాట్లాడతాను. కొంచెమే. కుదురుతుంది కదా?"

కార్మాక్ ఎర్రటి తల నెమ్మదిగా ఊపి, సరే అన్నాడు. యోగేశ్వరికి ఆ సరే ఎక్కడో విన్నట్టనిపించింది. అరగంట కింద తను అన్న కెన్ కూడా సరిగ్గా ఇంతే వచ్చింది. ఇంటికెళ్లే దారిలో ఆమెకు ఆ రెండు మాటలూ చెవిలోంచి పోలేదు.

శుక్రవారం పొద్దున ఎర్రమ్మ పలకరించలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, తనే ముడి విప్పుకోవడానికి చెయ్యెత్తింది. యోగేశ్వరి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. దువ్వెన తీసి, జుట్టు వెనక్కి లాగి, నూనె రాసి, బిగించి ముడి వేసి, పైన తుండుగుడ్డ చుట్టి, కొస లోపలికి దోపింది. తన నాయనమ్మ పనికెళ్లేటప్పుడు అద్దం లేకుండా ఎలా చుట్టుకునేదో చేతులకు ఇంకా గుర్తుంది.

"తప్పు సేసినాను పెద్దమ్మా," అంది.

ఎర్రమ్మ అద్దంలో ఆమె వైపు చూసి, తుండుగుడ్డ కొస ఇంకొంచెం లోపలికి తోసుకుంది. "బిగువు సరిపోనాది," అంది.

పక్క కుర్చీలో కార్మాక్ కూర్చున్నాడు. యోగేశ్వరి స్పాంజి ముంచితే, సూది వేయించుకునేవాడిలా కళ్లు మూసుకున్నాడు. ముక్కు మీద అద్దింది. అది తన పని, చేయక తప్పదు. కానీ చెయ్యి ఎన్నడూ లేనంత బరువుగా కదిలింది.

చెట్ల మధ్య వెలుతురు ఇంకా లేతగా ఉంది. దోమలకు పొగ పెట్టారు. డైరెక్టరు ఎర్రమ్మను చూసి ఆగాడు. "జుట్టు ఎందుకు కట్టి ఉంది?"

హెలెన్ యోగేశ్వరి వైపు చూసింది. యోగేశ్వరి ఒక అడుగు ముందుకొచ్చింది.

"నిన్న ఆమె సరే అనలేదు. నేను తప్పు చెప్పాను."

"మరి ఏమంది?"

"జుట్టు విప్పేది మొగుడు పోయాడని తెలిశాక. దొర చెప్పకముందే నాకెట్లా తెలుసు అంటోంది. పాలు గీసేవాళ్లు జుట్టు వదలరు, జిగురంటుకుంటే కత్తిరించాలి."

డైరెక్టరు ముఖంలో చిరాకూ ఆలోచనా ఒకదాన్నొకటి తోసుకున్నాయి. తెలివితక్కువవాడు కాదు. "సరే, కట్టే ఉండనీ," అన్నాడు. తర్వాత, ఆ పెద్దావిడను సంతోషపెట్టడానికే కాబోలు, "ఇంకేమైనా తప్పుందా అడుగు," అన్నాడు నవ్వుతూ.

యోగేశ్వరి అడిగింది. ఎర్రమ్మ కార్మాక్‌ను పైనుంచి కిందికి చూసింది. ఎర్రముక్కు, చేతిలో సీసా, ఇంకా మొదలు కాకముందే వంచి పెట్టుకున్న మోకాళ్లు.

"ఈ బాబు తాగీసి ఒస్తన్నాడు కదా. తాగినోడు సావు కబురు సెప్పడానికి రాడమ్మీ. ఆడికి మొకం సెల్లదు. కంగాణీని పంపుతాడు. మా ఆయన పోయిననాడు దొర తనే ఒచ్చినాడు. దినమూ తాగీవోడే. ఆ పొద్దు మట్టుకు తానం సేసి, సొక్కా మార్చుకుని, నడిసి ఒచ్చినాడు. ఒచ్చినాడంటేనే తాగనేదని."

యోగేశ్వరి హెలెన్ వైపు చూసింది. జుట్టు సంగతి తన విభాగం, చెప్పినా చెల్లింది. ఇది కాదు. హెలెన్ తల అడ్డంగా, కనీకనిపించకుండా కదిలింది. ఏమీ లేదంటోంది లా అని నవ్వేస్తే అయిపోతుంది, ఎర్రమ్మకు ఈసారి తెలియను కూడా తెలియదు. పెట్టె చక్రాలు, లంకావి, అచ్చులో తన పేరు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. కార్మాక్ సీసా మూత వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎవరి దగ్గర్నుంచీ ఏమీ ఆశించని మనిషి నిలబడినట్టు.

యోగేశ్వరి మొత్తం చెప్పింది. కంగాణీని, అంటే కూలీల మేస్త్రీని, పంపడం, స్నానం, చొక్కా, ఒక్క ముక్క వదలకుండా, ఎర్రమ్మ చెప్పిన వరసలోనే చెప్పింది.

డైరెక్టరు అడిగాడు, "ఎప్పటి సంగతి? ఏ దేశం దొర?"

"అరవై తొమ్మిదిలో," అని ఎర్రమ్మ చెప్పింది. దేశం సంగతి విని మాత్రం వింతగా చూసింది. "దొరకి దేశమేటమ్మీ? తెల్లోడు."

అది తర్జుమా అయ్యేసరికి కార్మాక్ ఫక్కున నవ్వాడు. ఈ వారంలో అతను అంత గట్టిగా నవ్వడం యోగేశ్వరి వినలేదు.

"ఒక్క టేకు," అన్నాడు డైరెక్టరు గడియారం చూసుకుని. "ఆమె చెప్పినట్టు ఒకటి తీసి పెట్టుకుందాం. తర్వాత నాది."

యోగేశ్వరి తడిదూదితో కార్మాక్ ముక్కు తుడిచింది. రంగు ఒక పట్టాన వదల్లేదు. మూడు దూదులు మారాయి. అతను కదలకుండా నిలబడ్డాడు.

కెమెరా తిరిగింది. ఎర్రమ్మ చెట్టు గీస్తోంది. కార్మాక్ వరసల మధ్య నుంచి నడిచొచ్చాడు. తూలలేదు. నాలుగడుగుల దూరంలో ఆగి టోపీ తీశాడు. రాత్రి తాను ఆసుపత్రిలో పక్కనే ఉన్నానని, అతను నొప్పి లేకుండానే పోయాడని, తనకు చాలా విచారంగా ఉందని చెప్పాడు. సాగదీయలేదు, నాలుక మీద దొర్లించలేదు. సోమవారం అద్దంలో చూస్తూ పశువుల డాక్టరు సంగతి చెప్పిన గొంతే అది. అక్కడక్కడ మాట ఆగింది. ఆగిన చోట అతను మళ్లీ మొదలుపెట్టాడు.

ఎర్రమ్మ ఏడవాలి. గొంతెత్తి ఏడవమని నిన్న చెప్పారు. ఆమె ఏడవలేదు. కత్తిని చెట్టు మొదట్లో ఆనించింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. సామాన్లవాళ్లు అలంకారానికని అక్కడ పెట్టిన టిఫిను కేరియరు పక్కన నీళ్ల సీసా ఉంది. మెల్లగా గొంతుక్కూర్చుని, సీసా బిరడా తీసి, కేరియరు మూతలో నీళ్లు పోసి, లేచి, రెండడుగులు వేసి కార్మాక్‌కు అందించింది. ఏదో అంది. అంత దూరానికి వినపడలేదు.

ఇది కాగితంలో లేదు. కార్మాక్ ఒక్క క్షణం ఆ మూతను చూశాడు. టోపీ చంకలో పెట్టుకుని, రెండు చేతులతో అందుకుని, చివరి చుక్క దాకా తాగాడు. మూత తిరిగిస్తూ తల వంచాడు. వంచిన తల ఎత్తలేదు. ఎర్రమ్మ అతని మోచేయి మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. 'కట్' అనాల్సినవాడు అనడం మరిచిపోయాడు.

ఆ తర్వాత డైరెక్టరు తనది కూడా తీశాడు, మూడు టేకులు. ముక్కుకు మళ్లీ రంగు, చేతిలో సీసా. ఆ రంగు కోగిలవాణి చేత వేయించారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర డైరెక్టరు ఎవరికో ఫోన్‌లో చెబుతుంటే యోగేశ్వరి విన్నది. ఉదయం తనకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చిందట, తాగకుండా ఒకటి తీసి చూశాడట, బాగా వచ్చిందట.

సాయంత్రం హెలెన్ మేకప్ బస్సులో బ్రష్షులు సర్దుతూ చెప్పింది. మనిషి మంచిదే, చుట్టూ తిప్పకుండా చెప్పింది. "లంకావికి కోగిలవాణిని తీసుకెళ్తున్నాను. నీ చెయ్యి ఆమె చేతికన్నా మంచిది. కానీ ఆ మాట్లాడినావిడ ఎవరు అని డైరెక్టరు అడిగాడు. అలా అడిగాక ఇక నా చేతుల్లో ఉండదు."

"పర్లేదు లా," అంది యోగేశ్వరి. పర్లేదన్నది అబద్ధం. తువ్వాళ్లు మడిచింది, మడిచినవే విప్పి మళ్లీ మడిచింది. బయట కోగిలవాణి ఎదురొచ్చి, "అక్కా," అని ఆగిపోయింది. ఆ పిల్ల తప్పేముంది. యోగేశ్వరి దాని బుగ్గ తట్టి, అక్కడ ఉప్పుగాలికి జుట్టు చిక్కుపడుతుంది, నూనె ఎక్కువ తీసుకెళ్లు అని చెప్పింది.

కార్మాక్ వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది, మొహం అలా ఉంది.

"నావల్ల," అన్నాడు.

"నా నోటివల్ల. ఆ సీను ఉంటుందా?"

"రెండింట్లో ఏది ఉంచుతారో నాలుగు నెలలకు గానీ తెలీదు. తెలిసేదాకా ఆగను. ఈ పూటే అమ్మకు ఫోన్ చేసి, ఒకటి తీశారని చెప్తాను." తర్వాత అడిగాడు, "నీళ్లిస్తూ ఆమె ఏమందో తెలుసా?"

"నాకూ వినపడలేదు."

"అడుగుతావా?"

ఎర్రమ్మను ఇంటి దగ్గర దింపే వ్యానులో యోగేశ్వరి కూడా ఎక్కింది. అది తన దారి కాదు. బటాంగ్ బెర్జుంటై దారంతా పామాయిల్ గెలల లారీలు ఎదురొస్తున్నాయి. ఎర్రమ్మ మొహం మీది పౌడరును కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. వేషానికి ఇచ్చిన తుండుగుడ్డ ఇంకా నెత్తి మీదే ఉంది, అడగాల్సినవాళ్లు అడగలేదు.

"ఆ బాబుకి నీల్లిచ్చి ఏటన్నావు పెద్దమ్మా?"

"పుచ్చుకో నాయనా, శానా దూరం నడిసి ఒచ్చినావు అన్నాను. అంతే."

"అలగియ్యమని ఎవులూ సెప్పనేదు కదా."

ఎర్రమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. ఒకప్పుడు రబ్బరు, ఇప్పుడు పామాయిలు. ఆ వరసల్లో ఆమె ఏ చెట్టును వెతుక్కుంటోందో యోగేశ్వరికి తెలియలేదు.

"ఆనాడు కబురు సెప్పగానే నాను కూలబడిపోనాను. ఆడోళ్లందరూ నా సుట్టూ మూగినారు. దొరని ఎవులు సూస్తారు? టోపీ సేత్తో అట్టుకుని, ఆ సెట్టుకాడే నిలబడిపోనాడు. ఎండెక్కింది. కదల్నేదు. ఎల్లిపొమ్మని సెప్పీవోళ్లు నేరు, కూకోమని సెప్పీవోళ్లు నేరు. పెదాలు ఎండిపోనాయి, నాను సూసినాను. నీల్ల సీసా నా పక్కనే ఉన్నాది. అంత ఏడుపులోనూ నాను సూసినాను అమ్మీ. ఇయ్యనేదు."

"నువ్వున్న ఇదిలో ఎలగిస్తావు పెద్దమ్మా?"

"ఇయ్యొచ్చు. తాగుబోతు దొర, ఆడికేటి నీల్లు అనుకున్నాను. మనసులో అనుకున్నాను." ఎర్రమ్మ కొంగు కొసను వేలికి చుట్టింది, విప్పింది. "అందరమూ అలగే పిలిసీవోళ్లం. ఆడి పేరేటో నాకు ఇప్పటికీ తెల్దు. ఆ యేడే ఎల్లిపోనాడు."

వ్యాను తోట కూలీల లైనిళ్ల సందు మొదట్లో ఆగింది. ఎర్రమ్మ సీటు కింద చెప్పుల కోసం కాలితో తడిమింది. ఒకటి దొరికింది, రెండోదాన్ని యోగేశ్వరి వంగి తీసి కాలికి తొడిగింది.

"యాబై అయిదేళ్లకి ఇయ్యాల ఇచ్చినాను," అంది ఎర్రమ్మ. "ఆ బాబుకి సెప్పు. ఆ నీల్లు ఆడివి కావు. ఇంకోడివి. ఆడు తాగినాడు కాబట్టి నాకు సరిపోనాది."

యోగేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని దించింది. ఎర్రమ్మ నేల మీద కాళ్లు ఆనించుకుని, చీర సర్దుకుని, ఇంట్లో ఎండుచేపల పులుసు ఉంది, తిని వెళ్దువుగాని రా అని ముందు నడిచింది. యోగేశ్వరి డ్రైవరును కాసేపు ఆగమని చెప్పి, ఆమె వెంట వెళ్లింది.